బాబిలోన్ లేఖకులు తమ రాజు ఓడిపోయినా రాసిపెట్టారు. ఎందుకు?

తాటాకు

మన శాసనాలు చదివే అలవాటున్నవాళ్ళకి నా అనుమానం ఇట్టే అర్థమవుతుంది. ప్రశస్తి భాగం చూస్తే ప్రతి రాజూ గెలిచినవాడే. శత్రువులంతా అడవులు పట్టిపోయినవాళ్ళే. ఓడిన యుద్ధం గురించి కొలువులో ఉన్నవాడు రాయడం నా కంటపడలేదు.

ఇప్పుడు బాబిలోన్ (నేటి ఇరాక్‌లోని పాత నగరం) వృత్తాంతాల, అంటే ఏడాదివారీగా రాసిన చరిత్ర పద్దుల, అనువాదం చదువుతున్నాను. బాబిలోన్ రాజు నెబుకద్నెజరు పాలన 4వ ఏడు, అంటే క్రీ.పూ. 601. రాజు సైన్యంతో ఈజిప్టు మీదికి వెళ్ళాడు. ఈజిప్టు రాజుకు కబురు అందింది, ఎదురొచ్చాడు. ఇద్దరూ తలపడి ఒకరినొకరు చావుదెబ్బ తీసుకున్నారు. రాజు వెనక్కి తిరిగి బాబిలోన్ చేరాడు. 5వ ఏడు కింద ఒకటే మాట: రాజు తన దేశంలోనే ఉండి రథాలు, గుర్రాలు బోలెడన్ని కూడగట్టుకున్నాడు.

అంతే. దేవుడు పరీక్షించాడని లేదు, వాన అడ్డొచ్చిందని లేదు. అంతటి చక్రవర్తి ఏడాదిపాటు గడప దాటలేదని రాసిపెట్టే ధైర్యం వీళ్ళకి ఎక్కడినుంచి వచ్చింది? అసలు ఇది ఎవరి కోసం రాశారు? తెలిసినవాళ్ళు చెప్పండి.

రెల్లుకలం

మంచి చోట పట్టుకున్నారు తాటాకు గారూ. ఇంతకంటే గట్టి ఉదాహరణ క్రీ.పూ. 720లో దేర్ ఊరి దగ్గర జరిగిన యుద్ధం. దానికి మూడు పక్షాల సాక్ష్యం దొరికింది.

అష్షూరు (అస్సీరియా) రాజు రెండో సర్గోను తన శాసనాల్లో ఏలాము (నేటి ఇరాన్ నైరుతిలోని రాజ్యం) రాజును చిత్తు చేశానని రాయించుకున్నాడు. బాబిలోన్ గద్దె మీద ఉన్న మెరోదక్బలదాను మట్టి గొట్టం మీద తన గొప్ప రాయించుకున్నాడు, అష్షూరు సైన్యాన్ని తనే ఓడించానని. మూడోది బాబిలోన్ వృత్తాంతం. అందులో ఉన్నది ఇది: ఏలాము రాజు హుంబన్-నికాష్ దేర్ దగ్గర సర్గోనుతో పోరాడి అష్షూరు సైన్యాన్ని వెనక్కి తరిమాడు, బాగా దెబ్బతీశాడు. ఏలాముకు సాయంగా బయల్దేరిన మెరోదక్బలదాను వేళకు చేరుకోలేదు, వెనుదిరిగాడు.

అంటే పరాయి రాజు మాటనే కాదు, సొంత రాజు మాటను కూడా పక్కన పెట్టారు. సర్గోను ఆ యుద్ధం తర్వాత చాలా ఏళ్ళు బాబిలోన్ జోలికి రాలేకపోయాడు, కాబట్టి చరిత్రకారులు ఎక్కువమంది వృత్తాంతం మాటే నమ్ముతారు.

ఈ గొట్టానికి ఇంకో కథ ఉంది. మెరోదక్బలదాను దాన్ని ఉరుక్ నగరంలో పెట్టించాడు. తర్వాత సర్గోను బాబిలోనియాను గెలిచాక దాన్ని తీయించి తన కల్హు నగరానికి పట్టుకుపోయాడు. ఉరుక్‌లో దాని స్థానంలో తన పేరుతో ఇంకోటి రాయించి పెట్టాడు. రాజుల శాసనాలకు ఆ గతి పట్టింది. గుడి దగ్గర ఎవరో కూర్చుని ఏడాదికి రెండు మూడు వరుసలు రాసుకున్న పలక మాత్రం ఎవరి కంటా పడలేదు.

పోటీపరీక్షల పిల్లోడు

సార్, చిన్న డౌట్. వృత్తాంతాలు అంటే ఒకటే పుస్తకమా? ఎవరు రాశారు, ఏ భాషలో?

రెల్లుకలం

తమ్ముడూ, ఒకటి కాదు. రకరకాల కాలాల్లో రాసిన మట్టి పలకలు. ఏ. కె. గ్రేసన్ అనే పండితుడు 1975లో వాటన్నిటినీ ఒక చోట చేర్చి అంకెలిచ్చాడు. అందరూ ఇప్పటికీ ఆ అంకెలే వాడతారు. వరస క్రీ.పూ. 747లో గద్దెనెక్కిన నబోనస్సార్ కాలంతో మొదలై, తెగుతూ అతుకుతూ అలెగ్జాండర్ తర్వాతి గ్రీకు రాజుల దాకా వస్తుంది. భాష అక్కదియన్, లిపి క్యూనిఫాం. పచ్చిమట్టి పలక మీద రెల్లు కలం మొనతో అద్దిన గుర్తులు.

రచయితల పేర్లు లేవు. కొన్నింటి చివర నకలు రాసినవాడి పేరు, పలక ఎవరిదో, ఏ ఏట రాశాడో మాత్రం ఉంటుంది. మొదటి వృత్తాంతం నకలు పర్షియా రాజు దర్యావేషు 22వ ఏట రాసింది, అంటే క్రీ.పూ. 500 ప్రాంతం. అప్పటికి బాబిలోన్‌కు సొంత రాజు పోయి దాదాపు నలభై ఏళ్ళు. అయినా కూర్చుని రెండు వందల ఏళ్ళ నాటి సంగతులు నకలు తీస్తున్నారు.

లండన్ శ్యామల

నేను బ్రిటిష్ మ్యూజియంకి తరచూ వెళ్తుంటాను కాబట్టి కళ్ళతో చూసింది చెప్తాను. చాలామంది పెద్ద రాతిఫలకం అనుకుని వెతుకుతారు. తాటాకు గారు చెప్పిన నెబుకద్నెజరు పలక అరచేతిలో పట్టేస్తుంది, పొడవు 8 సెంటీమీటర్ల పైచిలుకు. సెల్‌ఫోన్ కన్నా చిన్నది. రెండు పక్కలా రాసి ఉంటుంది. ఒక ఏడు అయ్యాక అడ్డంగా గీత, దాని కింద తర్వాతి ఏడు. గీత గీత మధ్య ఒక సంవత్సరం. కొన్ని సంవత్సరాలకు నాలుగైదు వరుసలు, కొన్నిటికి ఒక్కటే.

అక్షరాలు ఎంత సన్నవంటే అద్దం మీద ముక్కు ఆనించి చూసినా కళ్ళు లాగేస్తాయి. ఆ సన్నరాతలోనే కర్కెమీషు యుద్ధం, నెబుకద్నెజరు తండ్రి చావు, కొడుకు పరుగున వచ్చి గద్దెనెక్కడం, యెరూషలేము పట్టుబడటం అన్నీ ఉన్నాయి. 1956లో వైజ్‌మన్ అనే ఆయన ప్రచురించేదాకా ఈ పలకలో ఏముందో లోకానికి తెలియదు.

సువార్తమ్మ

శ్యామల గారూ, యెరూషలేము గురించి సరిగ్గా ఏం రాశారో చెప్తారా? రెండవ రాజుల గ్రంథం 24వ అధ్యాయంలో యెహోయాకీనును చెరపట్టి సిద్కియాను రాజుగా పెట్టిన సంగతి మాకు కంఠతా వచ్చు. అవతలి పక్షం వాళ్ళు అదే సంగతి రాసుకున్నారంటే చదవాలని ప్రాణం కొట్టుకుంటోంది.

లండన్ శ్యామల

అక్కా, నెబుకద్నెజరు 7వ ఏడు కింద ఉంది. కిస్లీము నెలలో రాజు సైన్యాన్ని కూడగట్టుకుని పడమటి దేశానికి వెళ్ళాడు. యూదా పట్టణం ఎదుట దిగాడు. అదారు నెల 2వ రోజున పట్టణాన్ని పట్టుకున్నాడు, రాజును చెరపట్టాడు. తన మనసుకు నచ్చిన రాజును అక్కడ నియమించి, భారీ కప్పం తీసుకుని బాబిలోన్‌కు పంపాడు.

యెహోయాకీను పేరు లేదు, సిద్కియా పేరు లేదు. తేదీ మాత్రం రోజుతో సహా ఉంది. ఇప్పటి లెక్కలో క్రీ.పూ. 597 మార్చి 16. బైబిల్లో పేర్లున్నాయి, ఇక్కడ తేదీ ఉంది. రెండూ కలిపితే పూర్తి సంగతి.

పెన్నాతీరం

అందరూ బాబిలోన్ లేఖకుల్ని నిష్పక్షపాతులని మెచ్చుకుంటున్నారు గానీ నేను గట్టిగా అడ్డం చెప్పదలుచుకున్నాను. వీళ్ళు రాసిన చరిత్రలో వీడ్నర్ వృత్తాంతం అని ఒకటుంది. అది చదివితే మీ అభిప్రాయం మారుతుంది.

అందులో చరిత్రంతా ఒకే సూత్రం మీద నడుస్తుంది: బాబిలోన్‌లోని ఎసగిల గుడికి, మర్దుక్ దేవుడికి చేపల నైవేద్యం సరిగా జరిపించిన రాజు బాగుపడ్డాడు, అడ్డుకున్నవాడు నాశనమయ్యాడు. కుబాబా అనే కల్లు అమ్ముకునే ఆవిడ జాలరికి రొట్టె పెట్టి, నీళ్ళిచ్చి, చేప గుడికి చేరేలా చూసింది. మర్దుక్ మెచ్చి ఆమెకు లోకం మీద రాజ్యమిచ్చాడట. పాతకాలపు అక్కదు రాజు నరాం-సిన్ బాబిలోన్ జనాన్ని బాధపెట్టాడు, కాబట్టి మర్దుక్ గుతియన్లనే కొండజాతి దండును అతని మీదికి తోలాడు.

చిక్కెక్కడంటే కుబాబా, నరాం-సిన్‌ల కాలంలో బాబిలోన్ లెక్కలోకి వచ్చే ఊరే కాదు. మర్దుక్‌కి ఆ పెద్దరికం లేదు. బాబిలోన్ రాజు హమ్మురాబి (క్రీ.పూ. 18వ శతాబ్దం) తర్వాత ఎప్పుడో వచ్చిన ప్రాధాన్యాన్ని ఆదికాలం నుంచీ ఉన్నట్టు వెనక్కి తోశారు. దీన్ని నిజాయితీ అనగలమా? పైగా ఈ పాఠం బడిపిల్లలతో రాయించారు, నకళ్ళు తీశారు, దాచుకున్నారు. 1986లో బాగ్దాద్ విశ్వవిద్యాలయం పురావస్తు శాఖవాళ్ళు సిప్పార్ అనే పాత ఊళ్ళో తవ్వినప్పుడు గూళ్ళలో పలకలు పేర్చినవి పేర్చినట్టే ఉన్న గుడి గ్రంథాలయం బయటపడింది. దీని నకలు అందులోనూ దొరికింది.

తాటాకు

పెన్నాతీరం గారూ, మీరు చెప్పింది కాదనను. కానీ రెండూ ఒకే రకం రచనలా? ఒకటి నీతికథ, ఇంకోటి ఏడాది పద్దు.

పెన్నాతీరం

రాసినవాళ్ళు ఒకే గుడి నీడన పెరిగినవాళ్ళు కదా. పద్దులో కూడా పక్షం ఉంటుంది, ఎక్కడుందో వెతకాలి. ఉదాహరణకి క్రీ.పూ. 689లో అష్షూరు రాజు సన్హెరీబు బాబిలోన్‌ను నేలమట్టం చేశాడు. ఆ తర్వాత అతను చనిపోయేదాకా ఎనిమిదేళ్ళు బాబిలోనియా అతని చేతికిందే ఉంది. వృత్తాంతం ఆ కాలాన్ని ఎలా లెక్కపెట్టిందో చూడండి: "బాబిలోన్‌లో రాజు లేని 8వ ఏడు." పాలించేవాడు కళ్ళెదుటే ఉన్నాడు, పన్నులు వసూలు చేస్తున్నాడు, కానీ లెక్కలో రాజు లేడు! తిట్టలేదు, శాపం పెట్టలేదు. లెక్కలోంచి తీసేశారు. ఆ వెంటనే తెబేతు నెల 20న సన్హెరీబును కొడుకే తిరగబడి చంపాడని ఒక వరుస. ఈ హత్య గురించి సువార్తమ్మ గారికి బైబిలు నుంచి తెలిసే ఉంటుంది.

సువార్తమ్మ

తెలుసండీ. నిస్రోకు గుడిలో మొక్కుతుండగా కొడుకులు చంపారని ఉంది.

రెల్లుకలం

పెన్నాతీరం గారు సరైన చోట వేలు పెట్టారు. నేను దీన్ని కొంచెం ముందుకు తీసుకెళ్తాను. వీళ్ళకి పక్షం లేదని కాదు, వీళ్ళ పక్షం రాజు కాదు. బాబిలోన్ నగరం, అందులో గుడి, ఆ గుడిలో ప్రతి ఏడూ నిసన్ను నెలలో జరిగే కొత్త సంవత్సరం ఉత్సవం, అంటే అకీతు. వీళ్ళ చరిత్రకు నాయకుడంటూ ఉంటే ఆ ఉత్సవమే.

ఆ రోజుల్లో మర్దుక్ విగ్రహం ఊరేగింపుగా బయటికి రావాలి. పక్క ఊరు బోర్సిప్ప నుంచి మర్దుక్ కొడుకు నబూ దేవుడు రావాలి. రాజు స్వయంగా దేవుడి చెయ్యి పట్టుకోవాలి. రాజు ఊళ్ళో లేకపోతే ఉత్సవం లేదు. ఉత్సవం ఆగిందంటే ఆ ఏడు ఏదో తేడా జరిగినట్టే. అందుకే రాజు ఎక్కడున్నాడు, తిరిగొచ్చాడా, గెలిచాడా, ఓడాడా అన్నది వాళ్ళకి కావాలి. పొగడటానికి కాదు, సంవత్సరాన్ని లెక్కకు ఎక్కించడానికి.

దీనికి నబోనిదస్ వృత్తాంతం చదవండి. ఇతను బాబిలోన్ చివరి సొంత రాజు. రాజధాని కొడుక్కి అప్పజెప్పి అరేబియా ఎడారిలోని తేమా ఒయాసిస్సులో దాదాపు పదేళ్ళు కూర్చున్నాడు. లేఖకుడు ఏం రాశాడంటే: "రాజు తేమాలో ఉన్నాడు. యువరాజు, అధికారులు, సైన్యం అక్కదులో (బాబిలోనియాలో) ఉన్నారు. రాజు నిసన్ను నెలలో బాబిలోన్‌కు రాలేదు. నబూ బాబిలోన్‌కు రాలేదు. బేలు (అంటే మర్దుక్) బయటికి రాలేదు. అకీతు జరగలేదు." 7వ ఏడు ఈ మాటలే. 9వ ఏడు ఇవే. 10వ ఏడు ఇవే. 11వ ఏడు ఇవే. ఒక్క విశేషణం లేదు. అయినా వరసగా చదువుతుంటే ఊరంతా పళ్ళు కొరుకుతున్న చప్పుడు వినిపిస్తుంది.

9వ ఏట రాజుగారి తల్లి చనిపోయింది. నిసన్ను 5న సిప్పార్‌కి ఎగువన యూఫ్రటీసు ఒడ్డున కన్నుమూసింది. యువరాజు, సైన్యం మూడు రోజులు దుఃఖించారని రాశారు. రాజు వచ్చాడని రాయలేదు.

పెన్నాతీరం

ఆ పలక పర్షియన్లు వచ్చాక రాసిందనే వాదన కూడా ఉంది కదా సార్. పాత రాజును చెడ్డవాడిగా చూపిస్తే కొత్త రాజుకి లాభమే.

రెల్లుకలం

ఉంది. మనకి దొరికింది తర్వాతి కాలపు నకలే. కానీ బాబిలోన్‌ను గెలిచిన పర్షియా రాజు కోరెషు (సైరస్)ను మోసేవాళ్ళు రాసిందైతే ఓపిస్ సంగతి వదిలేసేవాళ్ళు. కోరెషు తన పేరుతో రాయించిన మట్టి గొట్టంలో యుద్ధమే జరగనట్టు, మర్దుక్ తన చెయ్యి పట్టుకుని బాబిలోన్‌లోకి తీసుకొచ్చినట్టు, జనం ఆనందంతో పాదాలు ముద్దుపెట్టుకున్నట్టు ఉంటుంది. వృత్తాంతం ఏమంటుందంటే తష్రీతు నెలలో టైగ్రిస్ ఒడ్డున ఓపిస్ దగ్గర కోరెషు అక్కదు సైన్యంతో పోరాడాడు, దోచుకున్నాడు, జనాన్ని చంపాడు. 14న సిప్పార్, 16న బాబిలోన్ యుద్ధం లేకుండా పట్టుబడ్డాయి. బాబిలోన్‌లోకి శాంతంగా వచ్చాడన్నదీ ఉంది, అంతకు కొద్దిరోజుల ముందు ఓపిస్‌లో నెత్తురు పారిందన్నదీ ఉంది. ఇది క్రీ.పూ. 539 నాటి మాట. ఈ పలక లేకపోతే మనం కోరెషు గొట్టాన్నే నమ్ముకుని ఉండేవాళ్ళం.

నక్షత్రశాల

నేను ఖగోళం వైపు నుంచి వస్తాను. నాకు వృత్తాంతాలకన్నా ఖగోళ దినచర్యలంటే ప్రాణం. మానవజాతి ఒకే పని ఇంతకాలం ఆపకుండా చేసిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. దొరికినవాటిలో పాతది క్రీ.పూ. 652 నాటిది, చివరిది క్రీ.పూ. 61 నాటిది. దాదాపు ఆరు వందల ఏళ్ళు. రాజవంశాలు మారాయి. అష్షూరు పోయింది, కల్దీయులు పోయారు, పర్షియన్లు పోయారు, గ్రీకులు పోయారు, పార్థియన్లు వచ్చారు. గుడి మీద కూర్చున్నవాడు మాత్రం రాత్రి రాత్రీ రాస్తూనే ఉన్నాడు. ఆరు నెలలవి కలిపి ఒక పెద్ద పలక.

నెల నెలకీ ఇవి ఉంటాయి. చంద్రుడు ఏ నక్షత్రానికి ఎన్ని వేళ్ళ దూరంలో ఉన్నాడు, గ్రహాలు ఎక్కడున్నాయి, మబ్బు, ఉరుము, వాన. తర్వాత ధరలు: ఒక షెకెలు వెండికి, అంటే 8 గ్రాముల పైచిలుకుకి, బార్లీ ఎంత వచ్చింది, ఖర్జూరం, నువ్వులు, ఉన్ని, రెండు రకాల ఘాటు గింజలు ఎంతొచ్చాయి. తర్వాత యూఫ్రటీసు నీటిమట్టం ఎన్ని వేళ్ళు పెరిగింది, ఎన్ని తగ్గింది. చివర్లో ఆ నెలలో విన్న వార్త.

నెబుకద్నెజరు 37వ ఏటి దినచర్య బెర్లిన్‌లో ఉంది, క్రీ.పూ. 568 నాటిది. ఒక తోడేలు బోర్సిప్పలోకి వచ్చి రెండు కుక్కల్ని చంపింది అని ఉంది అందులో. చక్రవర్తి పేరుమోసిన కాలంలో లేఖకుడి పలకలోకి ఎక్కిన వార్త అది!

అలెగ్జాండర్ కూడా అదే వరుసలో వస్తాడు. క్రీ.పూ. 331 సెప్టెంబరు 20న చంద్రగ్రహణం. పదకొండు రోజులకి అలెగ్జాండర్‌కీ పర్షియా రాజు దరియస్‌కీ గౌగమేల యుద్ధం. సైనికులు రాజును వదిలేసి ఎవరి ఊళ్ళకి వాళ్ళు పోయారని దినచర్యలో ఉంది. దరియస్ పారిపోయాడు కాబట్టి సైన్యం చెదిరిందని గ్రీకులు రాశారు. ఇక్కడ ముందు చెదిరింది సైన్యం. ఎవరిది నిజమో చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. కొద్దిరోజుల తర్వాత సిప్పార్‌లో అలెగ్జాండర్ ఆజ్ఞ వచ్చింది: "మీ ఇళ్ళలోకి నేను అడుగుపెట్టను." ఆ మాట జనానికి ఎంత ఊరటో, ఎంత టెన్షన్ పడి విన్నారో ఊహించండి.

ఎనిమిదేళ్ళకి, క్రీ.పూ. 323లో అయ్యారు నెల 29వ తేదీన: రాజు చనిపోయాడు. దాని పక్కనే: మబ్బులు. ఆ రాత్రి ఆకాశం కనబడలేదని లెక్కకు రాసుకున్నాడంతే. ఈ పలక వల్లే అలెగ్జాండర్ చనిపోయిన రోజు జూన్ 11 అని చెప్పగలుగుతున్నాం.

తాటాకు

నక్షత్రశాల గారూ, చదువుతుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. కానీ చంద్రుడి దూరం, నువ్వుల ధర, రాజు చావు ఒకే పలకలో ఎందుకు? రాజు చావు ఆకాశం వల్ల వచ్చిందనా?

నక్షత్రశాల

సరిగ్గా అదే ప్రశ్న పండితులు కొట్టుకుంటున్నది. వాళ్ళ లోకంలో దేవుళ్ళు ఆకాశం మీద, గొర్రె కాలేయం మీద ముందే రాసిపెడతారు. మనిషి చదువుకోవాలి. ఏ గుర్తు తర్వాత ఏం జరిగిందో తెలియాలంటే రెండూ నమోదు చేయాలి. పాత శకునాల పాఠాల్లో రాజుల పేర్లు తగులుతుంటాయి, ఇది సర్గోను (పాతకాలపు అక్కదు రాజు, పైన చెప్పిన అష్షూరు సర్గోను కాదు) శకునం, ఇది ఇబ్బి-సిన్ శకునం అని. అమర్-సిన్ రాజు చెప్పు కరిచి చచ్చాడని కూడా ఒక శకునంలో ఉంది. బహుశా పాదం పుండు ముదిరిపోయి ఉంటుంది.

గుర్తును సరిగా చదవాలంటే ఫలితాన్ని సరిగా రాయాలి. ఓడిపోతే గెలిచాడని రాస్తే లెక్క పాడవుతుంది, వచ్చే తరంవాడు తప్పు చదువుతాడు. తాటాకు గారి మొదటి ప్రశ్నకి నా జవాబు ఇదే. రాజుకి చూపించడానికి కాదు, తమ శాస్త్రం కోసం రాసుకున్నారు. వృత్తాంతాలు ఈ దినచర్యల నుంచే తీశారని గ్రేసన్ అన్నాడు. అన్ని చోట్లా రెండూ పొసగవని తర్వాతివాళ్ళు కొందరు ఒప్పుకోలేదు. పుట్టిన చోటు ఏదైనా అలవాటు మాత్రం ఒకటే.

సిద్ధాంతి మనవడు

ఇంట్లో పంచాంగ గణితం నేర్చుకున్నవాడిగా నన్ను తొలిచే విషయం ఒకటి చెప్పాలి. క్రీ.పూ. 3వ శతాబ్దం మొదట్లో బెరోసస్ అనే మర్దుక్ పూజారి బాబిలోన్ చరిత్రను గ్రీకులో మూడు సంపుటాలుగా రాసి గ్రీకు రాజు మొదటి ఆంటియోకస్‌కి అంకితమిచ్చాడు. అందులో జలప్రళయానికి ముందు పదిమంది రాజులు 120 "సారు"ల కాలం పాలించారు. సారు అంటే 3600 ఏళ్ళు. గుణించి చూడండి: 4,32,000. మన కలియుగ ప్రమాణం!

ఇది మననుంచి వాళ్ళకా, వాళ్ళనుంచి మనకా?

నక్షత్రశాల

సంఖ్య కలిసిన మాట నిజమే, దీని మీద చాలా చర్చ జరిగింది. కానీ దీన్నొక్కదాన్నే పట్టుకుని ఇటో అటో తేల్చకూడదని నా అభిప్రాయం. బాబిలోన్‌వాళ్ళ లెక్క అరవైల మీద నడుస్తుంది, 3600 అంటే 60 సార్లు 60. మన యుగాల లెక్క వేరే దారిలో కట్టింది. అరవైతో, పన్నెండుతో, పదితో గుణించుకుంటూ పోతే ఇద్దరూ ఒకే చోట తేలే అవకాశం ఎక్కువే. పైగా వాళ్ళలోనే ఈ అంకె నిలకడగా లేదు. అంతకు పదిహేను వందల ఏళ్ళ ముందటి సుమేరు రాజుల జాబితా ఆక్స్‌ఫర్డ్‌లో ఉంది. దానిలో ప్రళయానికి ముందు ఎనిమిదిమందే, మొత్తం 2,41,200 ఏళ్ళు. మొదటి రాజు అలులిం ఒక్కడే 28,800 ఏళ్ళు ఏలాడు.

గట్టి సంబంధం కావాలంటే గణితంలో వెతకండి. చాంద్రమాసాన్ని ముప్పై సమభాగాలు చేసి లెక్కలు కట్టే పద్ధతి బాబిలోన్‌వాళ్ళకీ ఉంది. ఇప్పటి చరిత్రకారులు దానికి మన తిథి అనే పేరునే వాడుతున్నారు.

పోటీపరీక్షల పిల్లోడు

28,800 ఏళ్ళంటే రాసినవాళ్ళు నిజంగా నమ్మారా సార్?

రెల్లుకలం

నమ్మకం సంగతి పక్కన పెడితే జాబితా చెప్పదలుచుకున్నది వేరు. రాజ్యం ఆకాశం నుంచి దిగింది, ఒక సమయంలో ఒక్క ఊరిదే, ఒక ఊరు ఓడితే ఇంకో ఊరికి పోతుంది. నిజానికి ఒకేసారి పాలించిన వంశాల్ని కూడా ఒకదాని తర్వాత ఒకటి పేర్చారు. ఆ పేర్పులోనే వాళ్ళ రాజకీయం ఉంది.

వాళ్ళు గతాన్ని ఎంత పట్టించుకున్నారో చూడాలంటే ఎడారిలో కూర్చున్న ఆ నబోనిదస్ దగ్గరికే మళ్ళీ వెళ్ళాలి. సిప్పార్‌లో సూర్యదేవుడి గుడి పునాదులు తవ్విస్తే నరాం-సిన్ వేయించిన పునాది శాసనం దొరికింది. 3200 ఏళ్ళుగా ఏ రాజుకూ దొరకనిది తనకు దొరికిందని పొంగిపోయి రాయించుకున్నాడు. అసలు దూరం 1700 ఏళ్ళే. లెక్క రెట్టింపు దాకా తప్పింది. కానీ పాత పునాది వెతికి, దాని మీద ఒక్క వేలు అటూ ఇటూ పోకుండా కట్టాలన్న పట్టుదల చూడండి. ఉత్సవం ఆపేశాడని గుడివాళ్ళకి కోపం తెప్పించిన రాజే గతం మీద ఇంత శ్రద్ధ పెట్టినవాడు కూడా.

పెన్నాతీరం

లెక్కలు మార్చడంలో అష్షూరు రాజు ఏసర్హద్దోను వాళ్ళది ఇంకా విచిత్రం. తండ్రి సన్హెరీబు కూల్చిన బాబిలోన్‌ను మళ్ళీ కట్టాలి. కానీ మర్దుక్ కోపంతో 70 ఏళ్ళు పాడుబడి ఉండాలని విధిపలక మీద రాశాడట. అన్నాళ్ళు ఆగడం ఎలా? క్యూనిఫాంలో 70 రాయాలంటే నిలువు చీల ఒకటి, అది 60. పక్కన వంకర చీల, అది 10. వాటిని తారుమారు చేస్తే ముందు పది, తర్వాత ఒకటి, అంటే 11. మర్దుక్ దయతలచి అంకెలు తిప్పేశాడు, కాబట్టి 11వ ఏటనే కట్టొచ్చు అని ఏసర్హద్దోను శాసనం. దేవుడి మాట తప్పలేదు, రాజు పనీ ఆగలేదు. రాసినవాడి బుర్రకి దండం పెట్టాలి.

తాటాకు

ఇవన్నీ చదివాక నాకు బాగా నచ్చినవి రెండు చెప్తాను. మొదటి వృత్తాంతంలో నబోనస్సార్ కాలం కింద, బోర్సిప్ప ఊరు బాబిలోన్ మీద తిరగబడిందని రాసి, ఆ వెంటనే, నబోనస్సార్ బోర్సిప్పతో చేసిన యుద్ధం రాయబడలేదు అని ఉంది. తన దగ్గరున్న పాత పలకలో లేదు. ఊహించి పూరించలేదు, లేదని చెప్పి గీత గీశాడు.

రెండోది రెల్లుకలం గారు వేరే చర్చలో చెప్పింది. నకలు తీసేటప్పుడు మూలపలక విరిగి ఉంటే ఆ చోట చిన్న అక్షరాల్లో విరిగింది అని రాసేవాళ్ళట. పాత విరుపు వేరు, కొత్త విరుపు వేరు అని కూడా గుర్తుపెట్టేవాళ్ళట. వీడ్నర్ వృత్తాంతం నీతికథే కావచ్చు, ఎసగిల గుడి స్వార్థం ఉండొచ్చు, కానీ ఇలా చేసే చేతుల్ని నేను నమ్ముతాను.

పెన్నాతీరం

నకలు తీసే చేతిని నేనూ నమ్ముతాను. మొదట కూర్చినవాడినే ప్రశ్నిస్తాను. మన ఇద్దరి మధ్య తేడా ఇక అంతే మిగిలింది.

సువార్తమ్మ

నాది చివరి ప్రశ్న. సొలొమోను కట్టిన మందిరాన్ని తగలబెట్టిన సంగతి వాళ్ళు ఎలా రాశారు? ఆ ఏడు కూడా పలకలో ఉందా?

లండన్ శ్యామల

లేదక్కా. నెబుకద్నెజరు పలక 11వ ఏటితో, క్రీ.పూ. 594తో ఆగిపోతుంది. మందిరం కాలింది ఆ తర్వాత ఏడెనిమిదేళ్ళకి. ఆ పైన వృత్తాంతం మళ్ళీ అందుకునేది క్రీ.పూ. 557లోనే. మధ్యలోవి దొరకలేదు. బ్రిటిష్ మ్యూజియంలోనే లక్షా ముప్పై వేల దాకా పలకలు, ముక్కలు ఉన్నాయి, ప్రచురించనివి ఇంకా చాలా. కాబట్టి ఆశ వదులుకోవద్దు.

సువార్తమ్మ

అయితే యెహోయాకీను సంగతి? చెరలోకి వెళ్ళినవాడి గురించి వాళ్ళ రాతల్లో ఎక్కడా లేదా?

రెల్లుకలం

ఉందండీ, కానీ వృత్తాంతంలో కాదు. బాబిలోన్‌లో నెబుకద్నెజరు కోటను కోల్డెవే అనే జర్మన్ తవ్వించినప్పుడు సరుకుల కొట్టు పద్దులు దొరికాయి. 1939లో వీడ్నర్ వాటిని ప్రచురించాడు. పైన చెప్పుకున్న వృత్తాంతానికి పేరు ఈయనదే. ఎవరికి ఎంత నూనె కొలిచి ఇచ్చారో రాసుకున్న లెక్కలవి. అందులో యూదా దేశపు రాజు యెహోయాకీనుకు నూనె, యూదా రాజు కొడుకులు అయిదుగురికి నూనె అని ఉంది, క్రీ.పూ. 592 నాటి పద్దు. చెరలో ఉన్నా రాజు అనే రాశారు. రెండవ రాజుల గ్రంథం చివరి వచనాల్లో బబులోను రాజు అతనికి బత్తెం ఏర్పాటు చేశాడని ఉంటుంది కదా, అక్కడ చెప్పేది ఇంకా తర్వాతి కాలం సంగతి. ఈ పద్దు అంతకు మూడు దశాబ్దాల ముందటిది.